క్లియర్‌కట్ నష్టం గీత దగ్గర ఆగదు

(అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ దగ్గర తెలుగువాళ్ళ వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మైకు ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. ఒలింపిక్ పెనిన్సులా వైపు ఒక్కసారి కూడా వెళ్ళనివాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అనుకున్నాను. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగి జెట్‌లాగ్ తీరగానే మనం తీసుకెళ్ళేది అటే కదా. హో రెయిన్‌ఫారెస్ట్, రూబీ బీచ్, లేక్ క్రెసెంట్. 101 హైవే మీద పోతుంటే రెండు పక్కలా ఆకాశం కనపడనంత చెట్లు. అబ్బ ఎంత అడవిరా అనుకుంటాం. ఈసారి వెళ్ళినప్పుడు కారు ఎక్కడైనా జాగ్రత్తగా పక్కకి ఆపి ఆ చెట్ల సందుల్లోంచి చూడండి. చాలా చోట్ల నాలుగైదు వరసల చెట్ల వెనకాల వెలుతురు కనిపిస్తుంది. అంత దట్టమైన అడవిలో వెలుతురేంటి? వెనకాల అడవి లేదు, అందుకే వెలుతురు. రోడ్డు మీద పోయేవాళ్ళ కంట పడకుండా అంచున కొన్ని చెట్లు వదిలేస్తారు. ఇక్కడివాళ్ళు దాన్ని బ్యూటీ స్ట్రిప్ అంటారు. పేరు ఎవరు పెట్టారో గానీ వెటకారం తెలిసినవాళ్ళే.

కొన్ని చోట్ల చిన్న బోర్డులు కూడా ఉంటాయి చూశారా? ఫలానా సంవత్సరంలో కోశాం, ఫలానా సంవత్సరంలో నాటాం అని. వరి చేను గురించి చెప్పినట్టే ఉంటుంది. కంపెనీల దృష్టిలో అది పంటే మరి.

సరే, క్లియర్‌కట్ అంటే ఏంటి? ఒక గీత గీసి, గీత లోపలున్న చెట్లన్నీ ఒకేసారి కొట్టేయడం. అక్కడక్కడ ముదురు చెట్లు చూసుకుని తీయడం వేరు. ఇండియాలో మన అటవీశాఖ వాళ్ళ భాషలో అయితే క్లియర్ ఫెల్లింగ్. పక్క రాష్ట్రం ఆరెగన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమిలో ఒక్క కోతకి 120 ఎకరాల దాకా పోవచ్చు. 25 ఎకరాలు దాటిన కోతలో ఎకరానికి రెండే రెండు చెట్లో మోడులో వదిలితే చాలు. ఆ తర్వాత రెండేళ్ళలోపు మొక్కలు నాటాలి. అందుకని కంపెనీవాళ్ళు మేం కొట్టినదానికంటే ఎక్కువ నాటుతున్నాం అని ప్రకటనలు వేస్తారు. అందులో అబద్ధమేమీ లేదండీ. నాటుతారు, నిజంగానే నాటుతారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షంగా మాట్లాడినట్టు ఉంటుంది. ఇక్కడి ముఖ్యమైన కలప చెట్టు డగ్లస్ ఫర్. దాని మొలక నీడలో ఎదగదు, బాగా ఎండ కావాలి. అందుకే మొత్తం కొట్టి నాటడమే దీనికి శాస్త్రీయం అని ఫారెస్టర్లు చాలాకాలం వాదించారు. చెట్టు సంగతి వరకు ఆ వాదనలో విషయముంది. చెట్టు మీద బతికేవాటి సంగతేంటి అన్నది ఆ వాదనలో లేదు.

నిన్న ఫోన్లో మన నిర్వాహకులొకరు అడిగారు, మన కంచ గచ్చిబౌలి లాంటిదేనా ఇది అని. అది మీ అందరికీ గుర్తుంది కదా? 2025 మార్చి ఆఖర్లో హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లో రాత్రీపగలూ జేసీబీలు దిగాయి. నెమళ్ళ అరుపుల వీడియోలు మన వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపమంది. రెండూ ఒకటి కాదండీ. అక్కడ గొడవ భూమి కోసం, చెట్లు తీసేసి వేరే ఏదో కట్టడం కోసం. ఇక్కడ భూమి అడవి పేరుమీదే ఉంటుంది, మళ్ళీ నాటుతారు, ఇరవై ఏళ్ళకి పచ్చగా కూడా ఉంటుంది. శాటిలైట్ ఫోటోలో చూస్తే అడవే. అందుకే దీని గురించి గొడవ చేయడం కష్టం. పచ్చగా ఉంది కదా, ఇంకేం కావాలి అంటారు. మన దగ్గర సహజమైన అడవి కొట్టేసి నీలగిరి తోటలు వేసిన చోట్ల కూడా ఇదే మాట వింటాం.

ఇంకేం కావాలో చెప్తాను.

ముదురు అడవికీ తోటకీ తేడా పచ్చదనంలో లేదు, చచ్చిపోయిన చెట్లలో ఉంది. వినడానికి వింతగా ఉందా? హో అడవిలో నడిచినప్పుడు గుర్తు తెచ్చుకోండి. నిలబడి చచ్చిన మోడులు, పైభాగం విరిగిపోయిన మానులు, తొర్రలు, కింద పడి నాచు పట్టిన దుంగలు, ఆ దుంగల మీదే వరసగా మొలిచిన చిన్న చెట్లు. ఆరెగన్‌లో హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అడవి అని ఉంది, 1948లో మొదలైంది. అక్కడ 1985లో ఒక ప్రయోగం పెట్టారు: పడిపోయిన దుంగ పూర్తిగా మట్టిలో కలవడానికి ఎంతకాలం పడుతుంది, ఈలోపు దానిలో ఎవరెవరు కాపురం పెడతారు అని. ఆ ప్రయోగం గడువు ఎంతో ఊహించండి. 200 ఏళ్ళు! మొదలుపెట్టినవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ, మనం గానీ ఫలితం చూడం. దుంగ కరిగిపోయే వేగం అది. మరి ఇక్కడ ప్రైవేటు తోటల్లో కోతకీ కోతకీ మధ్య గడువెంత? 40, 50 ఏళ్ళు. డగ్లస్ ఫర్ 500 ఏళ్ళు సునాయాసంగా బతుకుతుంది, కొన్ని వెయ్యేళ్ళు కూడా. యాభై ఏళ్ళకోసారి మొత్తం కొట్టేస్తుంటే ఏ చెట్టూ ముసలిదవ్వదు, ఏ చెట్టూ తనంతట తాను చావదు. చావకపోతే మోడు లేదు, మోడు లేకపోతే తొర్ర లేదు.

తొర్ర లేకపోతే ఎవరికి ఇబ్బంది? చాలామందికి. నేను ఒక్క వరస చెప్తాను చాలు. ఇక్కడ ఎగిరే ఉడుత ఉంటుంది. నిజానికి ఎగరదు, కాళ్ళ మధ్య చర్మం చాపి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి జారుతుంది. పగలంతా తొర్రలో పడుకుంటుంది, రాత్రి దిగి నేలలో ముక్కుతో వెతికి ట్రఫుల్స్ తవ్వుకు తింటుంది. ట్రఫుల్ అంటే భూమి లోపల కాసే పుట్టగొడుగు లాంటిది. ఆ ఫంగస్ డగ్లస్ ఫర్ వేళ్ళని అల్లుకుని బతుకుతుంది, చెట్టుకి నీళ్ళూ పోషకాలూ అందిస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. కానీ అది భూమి లోపల ఉంటే దాని విత్తనం, అంటే స్పోర్ అనుకోండి, గాలికి ఎలా ఎగురుతుంది? ఎగరదు. ఉడుత తిని, ఇంకోచోట రెట్ట వేస్తే అక్కడ మొలుస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఇందులో అడవి ఎవరు, జంతువు ఎవరు? ఆ ఉడుతని తినేది మచ్చల గుడ్లగూబ, నార్తర్న్ స్పాటెడ్ ఔల్. ఆ గుడ్లగూబకి గూడు కట్టడం రాదు. దానికీ తొర్రే కావాలి, లేదా పైభాగం విరిగిన మాను కావాలి.

మన ఊళ్ళల్లో గుడ్లగూబ అరిస్తే అపశకునం అని బామ్మలు తిట్టేవాళ్ళు. ఇక్కడ 1990ల్లో ఈ గుడ్లగూబ పేరెత్తితే అంతకంటే ఎక్కువ తిట్టారు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంకోటి, రెడ్ ట్రీ వోల్. ఇది మన వాషింగ్టన్‌లో లేదు, ఆరెగన్‌లోనూ కాలిఫోర్నియా వాయవ్య మూలలోనూ ఉంది. చిటికెనంత ఎలుక. దాని తిండి డగ్లస్ ఫర్ ఆకులు, అంటే ఆ సూదులు. సూదికి రెండు అంచుల్లోనూ జిగురు గొట్టాలుంటాయి, వాటిని పళ్ళతో ఒలిచి తీసేసి మిగతాది తింటుంది. ఒలిచిన వాటిని పారేయదు, గూట్లో పరుచుకుంటుంది. నీళ్ళు కూడా ఆకుల మీద తడి నాకి తాగుతుంది. తరాలకి తరాలు కిందికి దిగకుండా చెట్ల మీదే బతికే ప్రాణి. అలాంటిదానికి 120 ఎకరాల మైదానం ఎదురైతే ఏం చేస్తుంది? నడిచి దాటాలి. దాటితే పిల్లులూ గుడ్లగూబలూ ఉన్నాయి.

చెట్లు పడే రోజున చచ్చేవి కొన్ని ఉంటాయి, గూళ్ళలో పిల్లలు, ఎలుకలు, కప్పలు. అది బాధాకరమే. కానీ నేను ఈరోజు చెప్పాలనుకున్నది ఆ రోజు గురించి కాదు. గీత లోపల ఏం జరుగుతుందో అందరూ ఊహించగలరు. గీత బయట, అసలు ఒక్క చెట్టూ కొట్టని చోట ఏం జరుగుతుంది? అసలు కథ అక్కడుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంజనీర్లే కదా అందరూ. 1950ల నుంచి 80ల దాకా ఇక్కడి నేషనల్ ఫారెస్టుల్లో ఒకేచోట పెద్దగా కొట్టకుండా ముక్కలు ముక్కలుగా, ఉజ్జాయింపుగా ఒక్కొక్కటి 40 ఎకరాల దాకా, చదరంగం బల్ల మీద గళ్ళలాగా కొట్టారు. ఒక గడి కొట్టడం, పక్క గడి వదలడం. ఇది జంతువులకి మంచిదని కూడా అనుకున్నారు, తిండి ఒక గడిలో, నీడ పక్క గడిలో అని. ఆ తర్వాత 1990ల్లో చెన్, ఫ్రాంక్లిన్, స్పైస్ అనే శాస్త్రవేత్తలు క్లియర్‌కట్ అంచు నుంచి ముదురు అడవిలోకి నడుస్తూ గాలి, వేడి, తేమ కొలిచారు. అంచు ప్రభావం కొన్ని విషయాల్లో 30 మీటర్లకే ఆగిపోయింది, కొన్ని విషయాల్లో 240 మీటర్లు దాటి లోపలికి పోయింది. గాలి, తేమ బాగా లోపలికి పోయేవి. ఇప్పుడు 40 ఎకరాల చదరం ఒక పక్క ఎంత? సుమారు 400 మీటర్లు. రెండు వైపుల నుంచీ 240 మీటర్లు లోపలికి వస్తే? మధ్యలో కలిసిపోయాయి. ఏం మిగిలింది? మ్యాపు మీద సగం అడవి ఉంది. నేల మీద నడిమి అడవి అనేది ఒక్క గజం కూడా లేదు, అంతా అంచే. నిజమైన గళ్ళు ఇంత నీటుగా ఉండవనుకోండి, అయినా లెక్క అర్థమైంది కదా.

అంచున గాలి తగిలి పెద్ద చెట్లు పడిపోతాయి. వందల ఏళ్ళు పక్క చెట్ల అండన పెరిగినవి, ఒక్కసారిగా గాలికి ఎదురు నిలబడమంటే నిలబడలేవు. పడిపోగానే అంచు ఇంకొంచెం లోపలికి జరుగుతుంది. ఇది ఎవరి కోత లెక్కలోనూ రాదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన పక్షి గురించి. మార్బుల్డ్ మర్లెట్. ఇది సముద్రపు పక్షి, చేపలు తిని బతుకుతుంది, ప్యూజెట్ సౌండ్‌లో ఫెర్రీ ఎక్కినప్పుడు అదృష్టముంటే నీళ్ళ మీద జంటలుగా కనిపిస్తుంది. సముద్రపు పక్షులు ఎక్కడ గుడ్లు పెడతాయి? రాళ్ళ మీద, దీవుల మీద. ఇది ఎక్కడ పెడుతుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఎంత వెతికినా గూడు దొరకలేదు. చివరికి 1974లో కాలిఫోర్నియాలో బిగ్ బేసిన్ పార్కులో ఒక పెద్ద చెట్టు ఎక్కి కొమ్మలు కోస్తున్న కార్మికుడికి కనిపించింది, సముద్రానికి దూరంగా, ఎక్కడో ఆకాశంలో, నాచు పట్టిన లావుపాటి కొమ్మ మీద పిల్ల. మన కడప జిల్లా కలివికోడి గుర్తొచ్చిందా? అది కూడా ఇక లేదనుకున్నాక 1986లో లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. పక్షులు మనకి చెప్పకుండా చాలా విషయాలు నడుపుకుంటాయి.

మర్లెట్ గూడంటూ కట్టదు. నాచు మందంగా ఉన్న వెడల్పాటి కొమ్మ చూసుకుని ఒక్క గుడ్డు పెడుతుంది. ఒక్కటే. అంత లావు కొమ్మ, అంత నాచు పట్టాలంటే చెట్టుకి ఎన్నేళ్ళు ఉండాలి? వందల ఏళ్ళు. యాభై ఏళ్ళ చెట్టు దీనికి పనికిరాదు. తల్లీతండ్రీ తెల్లవారుజామునా సాయంత్రం మసక చీకట్లోనూ సముద్రం నుంచి మైళ్ళ దూరం ఎగిరొచ్చి పిల్లకి ఒక్కొక్క చేప తెచ్చిపెడతాయి. ఎందుకు మసక చీకట్లో? కాకులకి కనపడకుండా. ఇక్కడి స్టెల్లర్స్ జే, ఆ నీలం పక్షి, క్యాంపింగుకి వెళ్తే మన చిప్స్ ఎత్తుకుపోతుందే, అదీ కాకి జాతే. మర్లెట్ గుడ్లకీ పిల్లలకీ ప్రధాన శత్రువులు ఇవే, జేలూ రేవెన్లూ. ఇవి అడవి నడిమధ్యలో తక్కువ. ఎక్కడెక్కువ? అంచున. క్లియర్‌కట్‌లో ఎండ తగలగానే బెర్రీ పొదలు వస్తాయి, బెర్రీల కోసం జేలు వస్తాయి, వచ్చినవి పక్కనున్న ముదురు చెట్లలో కూడా తిరుగుతాయి. మర్లెట్ చెట్టుని ఎవరూ ముట్టుకోలేదు. చట్టప్రకారం కాపాడారు కూడా. కానీ పక్క గడి కొట్టారు. గుడ్డు పోయింది. 1992లో దీన్ని వాషింగ్టన్, ఆరెగన్, కాలిఫోర్నియాల్లో ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు.

ఇంతకంటే దూరం పోయే కథ ఇంకోటి ఉంది, కారిబూ కథ. క్రిస్మస్ తాత బండి లాగే రెయిన్‌డీర్ ఉంది కదా, అదే జాతి. మన రాష్ట్రం ఈశాన్య మూల, పక్కనున్న ఐడహో రాష్ట్రం, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కలిసేచోట సెల్కర్క్ కొండల్లో ఒక మంద ఉండేది. అలాస్కా కాకుండా కింది 48 రాష్ట్రాల్లో అడవిలో మిగిలిన ఆఖరి మంద అదే. ఇవి చలికాలంలో ఏం తింటాయో తెలుసా? ముదురు చెట్లకి గడ్డంలా వేలాడే లైకెన్. మనం బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఉంది చూడండి, అది కూడా లైకెనే. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ముసలి చెట్ల మీదే దండిగా ఉంటుంది. కారిబూకి గిట్టలు వెడల్పు, లోతు మంచు మీద మునగకుండా నిలబడి కొమ్మల నుంచి లైకెన్ అందుకుంటుంది. వేరే ఏ జింకా ఆ మంచులోకి రాలేదు, జింకలు రాకపోతే తోడేలూ రాదు. కారిబూ రక్షణ అంతా అదే, ఎవరూ రాని చోట బతకడం.

మరి ఆ కొండల కింద క్లియర్‌కట్‌లు వచ్చాయి. ఎండ తగిలింది, లేత పొదలు వచ్చాయి. లేత పొదలు ఎవరికి ఇష్టం? మూస్ అనే పెద్ద జింకకీ, తెల్లతోక జింకకీ. అవి పెరిగాయి. అవి పెరిగాక తోడేళ్ళూ, కూగర్లనే పెద్ద అడవి పిల్లులూ పెరిగాయి. దుంగలు మోయడానికి వేసిన రోడ్లు ఉన్నాయి కదా, తోడేలుకి లోతు మంచులో ఈదే శ్రమ తప్పింది, రోడ్డు పట్టుకుని పైకి వచ్చింది. మూస్ కోసం వచ్చి, దారిలో కారిబూ కనిపిస్తే దాన్నీ చంపింది. మూస్ పిల్లల్ని కంటూనే ఉంటుంది, కారిబూ ఏడాదికి ఒక్క పిల్ల. ఎవరు ఓడిపోతారు? 2018 వసంతంలో విమానంలోంచి లెక్కేస్తే మూడు మిగిలాయి. మూడూ ఆడవే. 2019 జనవరిలో ఆఖరిదాన్ని పట్టుకుని కెనడాలో ఎన్‌క్లోజర్‌కి తరలించారు. అంతటితో మన వైపు కారిబూ అయిపోయింది.

ఇందులో నాకు కోపం తెప్పించే భాగం ఒకటుంది. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2015 నుంచి కారిబూని కాపాడటానికని హెలికాప్టర్లలోంచి తోడేళ్ళని కాల్పించింది. తోడేళ్ళని తగ్గిస్తే కొన్ని మందలకి ఊపిరి అందింది, అది నిజం, కాదనను. కానీ తోడేలుకి దారి వేసిందెవరు? ముదురు అడవి కోత ఒకపక్క నడుస్తూనే ఉంది, ఇంకోపక్క తూటాలు. తోడేలు మీద కేసు పెట్టడం తేలిక, దాని తరఫున లాయరు ఉండడు.

ఇక్కడెవరో వేటకి వెళ్ళే మిత్రులున్నారని తెలుసు, మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. క్లియర్‌కట్‌లో ఎల్క్ అనే పెద్ద జింక కనిపిస్తుంది కదా, జింకలు కనిపిస్తాయి కదా? నిజమే. మొదటి కొన్నేళ్ళు వాటికి మేత బాగుంటుంది. కొన్ని పాటపక్షులకీ, తేనెటీగలకీ ఆ ఎండ పొదలే కావాలి. అడవి కాలినా, తుఫానుకి పడిపోయినా సహజంగా అలాంటి చోట్లు వస్తాయి. తేడా ఏంటంటే, కాలిన అడవిలో నల్లటి మోడులు వేలల్లో నిలబడి ఉంటాయి, వడ్రంగి పిట్టలకి పండగ. క్లియర్‌కట్‌లో అవి లారీ ఎక్కి వెళ్ళిపోతాయి. పైగా తోటల్లో పొదలు మొక్కలకి పోటీ అని కలుపుమందు కొడతారు, హెలికాప్టర్‌తో కూడా. పదిహేనేళ్ళు తిరిగేసరికి నాటిన చెట్లు ఒకదానికొకటి ఆనుకుని కింద చీకటి. ఎల్క్‌కి మేత లేదు, గుడ్లగూబకి తొర్ర లేదు. అటూ ఇటూ కాని కాలం, ఆ కాలం అయ్యేలోపు మళ్ళీ కోత.

నీళ్ళ గురించి రెండు మాటలు, ఎందుకంటే గీత దాటడంలో నీటిని మించింది లేదు. ఆరెగన్ తీరంలో ఆల్సీ దగ్గర 1959 నుంచి 1973 దాకా మూడు చిన్న వాగుల మీద పరిశోధన జరిగింది. ఒకదాన్ని ముట్టుకోలేదు. ఒకదాని చుట్టూ ముక్కలుగా కొట్టి ఒడ్డున చెట్లు వదిలారు. మూడోది నీడిల్ బ్రాంచ్, 1966లో ఒడ్డు దాకా మొత్తం కొట్టేసి చితుకులు తగలబెట్టారు. మరుసటి ఏడాది వేసవిలో నీడిల్ బ్రాంచ్ నీటి అత్యధిక ఉష్ణోగ్రత 57 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 85కి పోయింది. 85! మనకి స్నానానికి బాగుంటుంది. సామన్, ట్రౌట్ చేపలకి అది ప్రాణాంతకం. ఒడ్డున చెట్లు వదిలిన వాగులో పెద్దగా తేడా రాలేదు. ఇలాంటి పరిశోధనల వల్లే వాగుల పక్కన చెట్లు వదలాలన్న నియమాలు వచ్చాయి. ఎంత వెడల్పు వదలాలన్న కొట్లాట మాత్రం ఇంకా నడుస్తోంది.

సరే, గుడ్లగూబ దగ్గరికి వద్దాం. ఎరిక్ ఫోర్స్‌మన్ అనే కుర్రాడు ఆరెగన్‌లో 1970ల్లో ఈ పక్షి మీద పరిశోధన మొదలుపెట్టాడు. గుడ్లగూబలా కూత వేస్తే అది వచ్చి పక్క కొమ్మ మీద వాలేదట, మనుషులంటే భయం లేదు. కర్ర చివర ఎలుకని పెడితే తీసుకుని గూటికి పోయేది, వెనక పరిగెత్తితే గూడు దొరికేది. అలా తిరిగితే తేలింది, అవి దాదాపు ఎప్పుడూ ముదురు అడవుల్లోనే ఉన్నాయి, ఒక్కో జంటకి వేల ఎకరాలు కావాలి అని. అప్పటికి అవే అడవులు వేగంగా లారీలెక్కుతున్నాయి. 1990లో దీన్ని ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చారు. 1991లో ఇక్కడే, మన సియాటిల్‌లో, విలియం డ్వయర్ అనే జడ్జి ఈ పక్షి ఉండే ఫెడరల్ అడవుల్లో కలప అమ్మకాలు ఆపేశాడు. ప్రభుత్వ శాఖలే కావాలని చట్టాన్ని పక్కన పెట్టాయని తీర్పులో రాశాడు. 1993లో ప్రెసిడెంట్ క్లింటన్ పోర్ట్‌లాండ్ వచ్చి అందర్నీ కూర్చోబెట్టాడు, 1994లో నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ వచ్చింది. 2.4 కోట్ల ఎకరాల ఫెడరల్ భూమికి వర్తించే ప్లాన్ అది.

అప్పట్లో కార్ల వెనక స్టిక్కర్లు ఉండేవి, కలప కార్మికుణ్ణి కాపాడు, గుడ్లగూబని తిను అని. ఫోర్క్స్, అబర్డీన్ లాంటి ఊళ్ళలో మిల్లులు మూతపడ్డాయి. ఆ కుటుంబాల బాధని నేను తక్కువ చేయను. కానీ యంత్రాలు వచ్చి ఉద్యోగాలు తగ్గడం అంతకుముందే మొదలైంది, దుంగల్ని కోయకుండానే ఓడలెక్కించి జపాన్ పంపడం కూడా. తప్పంతా పక్షి మీద పెట్టడం తేలిక, తోడేలు మీద పెట్టినట్టే.

మరి ప్లాన్ వచ్చాక పక్షి బతికిందా? ఇక్కడ నేను మీకు మంచి వార్త చెప్పాలి, కానీ లేదు. 1995 నుంచి 2018 దాకా లెక్కలు చూస్తే కొన్ని ప్రాంతాల్లో మూడో వంతు కంటే తక్కువ మిగిలాయి. ఎందుకు? తూర్పు అమెరికా నుంచి చారల గుడ్లగూబ, బార్డ్ ఔల్ వచ్చింది. మీ పెరట్లో రాత్రి అరిచేది ఎక్కువగా ఇదే. ఇది కొంచెం పెద్దది, మొండిది, కప్పలూ రొయ్యలూ ఏదైనా తింటుంది, తక్కువ జాగాలో సర్దుకుంటుంది. ఇది ఉన్నచోట మచ్చల గుడ్లగూబ భయపడి కూత కూడా వేయదు. అందుకే కూత వేసి వెతికే పద్ధతి పనిచేయక ఇప్పుడు చెట్లకి రికార్డర్లు కడుతున్నారు. 2024లో ఫెడరల్ ప్రభుత్వం 30 ఏళ్ళలో దాదాపు 4.5 లక్షల చారల గుడ్లగూబల దాకా కాల్చే ప్లాన్ ఖరారు చేసింది. ఒక గుడ్లగూబ కోసం ఇంకో గుడ్లగూబని కాల్చడం... నాకు మనసొప్పదు. వద్దనడానికి కూడా ధైర్యం చాలదు, ఎందుకంటే వద్దంటే మచ్చలది పోతుంది. కానీ కలప వైపు వాళ్ళు, చూశారా తప్పు మాది కాదు చారలదానిది అంటే మాత్రం ఒప్పుకోను. ముదురు అడవి ముందున్నంత ఉంటే ఇద్దరికీ ఎంతో కొంత జాగా ఉండేది. మిగిలిన ముక్కల్లో ఒకరికే చోటు.

ఫెడరల్ భూమి సంగతి అలా ఉంచితే, మనకి నేరుగా సంబంధం ఉన్నది రాష్ట్రం భూమి. 1889లో వాషింగ్టన్ రాష్ట్రం అయినప్పుడు స్కూళ్ళ కోసమని కొంత భూమి ఇచ్చారు. డీఎన్‌ఆర్, అంటే మన రాష్ట్ర సహజవనరుల శాఖ, ఆ అడవుల్లో కలప అమ్మి వచ్చిన డబ్బులో కొంత స్కూలు భవనాల నిధికి ఇస్తుంది. అంటే మన పిల్లలు చదివే స్కూళ్ళకీ క్లియర్‌కట్‌కీ లంకె ఉంది. ఇబ్బందిగా ఉందా? నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు, డబ్బు ఎంత ఎక్కువ వస్తే అంత కొట్టాల్సిన బాధ్యత శాఖకి లేదు, ప్రజలందరి ప్రయోజనం కూడా చూడొచ్చు అని చెప్పింది. ఈ భూముల్లో లెగసీ ఫారెస్ట్ అని పిలిచేవి ఉన్నాయి. వందేళ్ళ కిందట ఒకసారి కొట్టారు, ఎవరూ నాటలేదు, మందు కొట్టలేదు, వాటంతట అవే వచ్చాయి. ఇప్పుడిప్పుడే వాటిలో మోడులు, తొర్రలు మొదలవుతున్నాయి. 2025 ఆగస్టులో ఇలాంటివాటిలో 77 వేల ఎకరాలు పక్కన పెడతామని శాఖ ప్రకటించింది. మిగతావి అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

ప్రశ్నలు తీసుకుంటాను. ఆ, మీరు చెప్పండి. వారు అడుగుతున్నది, మన ఇళ్ళన్నీ చెక్క ఇళ్ళే, కోత ఆపితే చెక్క ఎక్కడిది అని. సరైన ప్రశ్నండీ. సమామిష్‌లో, బాతెల్‌లో మనం కొన్న ఇళ్ళ గోడల లోపల ఉన్నది చాలావరకు ఇదే డగ్లస్ ఫర్. కోత ఆపమని నేను అనట్లేదు. ఇప్పటికే తోటలైపోయిన భూమి లక్షల ఎకరాలుంది, అక్కడ కోయండి. కోసే గడువు 40 నుంచి 80 ఏళ్ళకి పెంచితే మొత్తం మీద కలప తగ్గిపోదు, మొదటి పంట కోసం ఆగాలంతే. ఆగడం ఇన్వెస్టర్లకి ఇష్టముండదు, అది వేరే సంగతి. ఎకరానికి రెండు చెట్ల బదులు గుంపులుగా, మోడులతో సహా వదలొచ్చు. ముదురు అడవిని, వాటంతటవే ముదురుతున్న వాటిని మాత్రం ముట్టుకోవద్దు. నేను అడిగేది ఇంతే.

ఆవిడ అడుగుతున్నది, మనలాంటివాళ్ళం ఏం చేయగలం, హెచ్-వన్ మీద ఉన్నవాళ్ళు మాట్లాడొచ్చా అని. మాట్లాడొచ్చండీ, దానికి ఓటుతో పనిలేదు. డీఎన్‌ఆర్ ప్రతి కలప అమ్మకానికీ ముందు పర్యావరణ పత్రాలు వెబ్‌సైటులో పెడుతుంది, అభిప్రాయాలకి మామూలుగా 14 రోజుల గడువుంటుంది. అమ్మకాలు ఖాయం చేసే బోర్డు రాష్ట్ర రాజధాని ఒలింపియాలో నెలనెలా కూర్చుంటుంది, జూమ్‌లో కూడా మాట్లాడనిస్తారు. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. వాగు ఎంత దగ్గరుంది, ఆ చెట్ల వయసెంత, పక్కన ముదురు అడవి ఉందా, ఈ మూడూ అడగండి. అమ్మకం పేరూ కౌంటీ పేరూ మొదటి లైన్లోనే రాయండి, లేకపోతే మీ లెటర్ ఏ ఫైల్లో పెట్టాలో వాళ్ళకి తెలియదు.